ఒక్కరికే రెండు గురులు చెప్పకూడదు

నా పదవీ విరమణ సభలో ఆరుగురు మాట్లాడారు. నేను ఇన్నేళ్ళూ చేసిన పనేమిటో ఆ ఆరుగురిలో ఒక్కరికీ తెలియదు. ఒకాయన నన్ను చదువుల తల్లి అన్నాడు. మనిషి గురించి ఏమీ తెలియనప్పుడు అనే మాట అది. ఇంకొకాయన నేను కంప్యూటర్లు బాగుచేసేదాన్ని అనుకున్నాడు. నడివేసవిలో నాకు శాలువా కప్పి, ఫ్యాను కింద కూర్చున్నవాళ్ళు చప్పట్లు కొట్టారు.

అందుకే ఇది నేనే రాసుకుంటున్నాను. టెక్కలిలో ఒక ఇంజనీరింగు కాలేజీలో కంట్రోల్ సిస్టమ్స్ పాఠాలు చెప్పాను. ఇల్లు పలాసలో. రోజూ హైవే బస్సులో వెళ్ళిరావడం. మా నాన్న పురోహితుడు. ఆయన మంత్రం తప్పు చదివినా పెళ్ళి ఆగేది కాదు. నా లెక్క తప్పితే మాత్రం సముద్రంలో ఉన్న మనిషి ఒడ్డుకు రాడు. ఈ తేడా నాకు అర్థం కావడానికి జుట్టు సగం నెరవాల్సి వచ్చింది.

ఈ రంగంలోకి కొత్తగా వస్తున్నవాళ్ళు నన్ను కలిస్తే ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి అని అడుగుతారు. ఏదో ఒకటి నేర్చుకోండి, ఏడాదికి మారిపోతుంది. మారని సంగతి ఒకటుంది. అది నాకు బారువ దగ్గర ఒక పల్లెలో, ఎండుచేపల పక్కన దొరికింది.

పెట్టె

బారువ వైపు తీరంలో ఇప్పుడు రేవంటూ ఏమీ లేదు. ఫైబర్ పడవలు ఇసుక మీంచి నీళ్ళలోకి తోసుకుంటూ వెళ్ళాలి, కెరటాల్ని కోసుకుంటూ తిరిగి ఇసుక మీదికే రావాలి. గాలి హఠాత్తుగా తిరగబడితే పడవలు తలో దిక్కునా ఉంటాయి. ఒక్కొక్కటీ విడిగా ఒడ్డుకు వస్తూ కెరటాల దగ్గర బోల్తాపడితే ఆదుకునేవాడుండడు. ముందు అన్నీ ఒకచోట చేరి, కలిసి వస్తే ఒకరికొకరు సాయం.

మా ప్రాజెక్టు అదే. పన్నెండు పడవలకి పన్నెండు పెట్టెలు. ప్రతి పెట్టె తన చుట్టుపక్కల పెట్టెలతో రేడియోలో మాట్లాడుతుంది. నాయకుడంటూ ఎవడూ లేడు. నేను ఇక్కడున్నాను, నువ్వెక్కడున్నావు అని ఇరుగుపొరుగు పెట్టెలు చెప్పుకుంటూ, లెక్క సవరించుకుంటూ, అందరికీ మధ్యగా ఉన్న చోటుని తేలుస్తాయి. పెట్టె మీద బాణం గుర్తు అటు చూపిస్తుంది. లెక్క నాది. ఇప్పటికీ ఆ లెక్క అంటే నాకు ముద్దే.

దానికి డైరెక్టరుగారు ఒక తెర తగిలించారు. ఆయన ప్రాజెక్టు పెద్ద, నగరం నుంచి వచ్చేవారు, కారు దిగకముందే అభిప్రాయాలు దింపేవారు. పడవలన్నీ నగరంలో ఆయన గోడ మీద చుక్కలుగా కనిపించాలి. వచ్చినవాళ్ళకి చూపించుకోవాలి. పడవలు ఒకచోట చేరడానికి ఆ తెరతో పనే లేదు. జాలరులు ఎక్కడ వల వేస్తారో ఒకరికొకరు చెప్పుకోరు సార్, దీనికి ఒప్పుకోరు అన్నాను.

“సముద్రం మీద తిరిగేవాళ్ళకి గోప్యత ఏమిటి మేడమ్? అదేమైనా పడకగదా?” అని ఆయనే నవ్వుకున్నారు. ఆయన ఫోనుకి మాత్రం మూడు రకాల తాళాలుండేవి.

పల్లెలో మీటింగు పెట్టారు. పద్నాలుగు పేజీల అంగీకార పత్రం, అదీ ఇంగ్లీషులో, వేలిముద్రలు వేయించారు. అందరిలోకీ దానయ్య అనే ఆయన ఒక్కడే ప్రశ్న అడిగాడు. యాభై దాటిన మనిషి, తక్కువ మాట్లాడతాడు.

“బాబూ, ఈ సుక్కలు ఎవులెవులు సూత్తారు?”

“అందరూ చూడొచ్చు. దాన్నే పారదర్శకత అంటారు” అన్నారు డైరెక్టరుగారు.

“సరే బాబూ” అని దానయ్య ఏడో నంబరు పెట్టె తీసుకుని వెళ్ళిపోయాడు. డైరెక్టరుగారు నా వైపు చూసి, చూశారా ఎంత తేలిగ్గా ఒప్పుకున్నాడో అన్నారు. మన వైపు మనిషి “సరే బాబూ” అన్నాడంటే మీతో ఇక మాట అనవసరమని అర్థం. అది తెలియనివాడు ఈ జిల్లాలో ఏ పథకమూ నడపకూడదు. నడుపుతున్నవాళ్ళందరూ వాళ్ళే.

చక్కటి గ్రాఫు

రోజూ పొద్దున్న ఆరింటికి అందరూ కలవండి అని పెట్టెలకి ఒక పరీక్షా సంకేతం వెళ్ళేది. పెట్టెలు ఎంతసేపట్లో ఒక్క మాట మీదికి వస్తాయో కొలిచేవాళ్ళం. మొదటి వారంలోనే పన్నెండు గీతలూ కన్నుమూసి తెరిచేలోగా ఒక్క గీతైపోయాయి. ప్రపంచంలో ఎక్కడా ఇంత వేగంగా కలవలేదని డైరెక్టరుగారు పొంగిపోయారు. ఆ గ్రాఫు పెద్దది చేయించి ఫ్రేము కట్టించారు.

నాకు మొదటిసారి చూడగానే తేడా కొట్టింది. నీళ్ళ మీద పడవ ఊగుతుంది, జరుగుతుంది. గీత వణకాలి. వణకని గీత నేల మీదిది. చుక్కల తెర చూసినా తెలిసిపోయేదే. కానీ డైరెక్టరుగారు ఆఫీసుకు వచ్చేసరికి పది దాటేది. తెల్లారకముందే వేటకి వెళ్ళిన పడవలు పదింటికి ఎలాగూ ఒడ్డున ఉంటాయి. తెరమీద పన్నెండు చుక్కలూ ఒడ్డునే కనపడితే ఆయనకి అనుమానమెందుకు?

నేను పల్లెకి వెళ్ళాను. దానయ్య భార్య ఎర్రమ్మ పాక ముందు ఎండుచేపలు పరుస్తోంది. చేపల వరస పక్కనే మా పెట్టెలు, పన్నెండూ, సోలార్ పలక పైకి పెట్టి, బుద్ధిగా ఎండలో ఉన్నాయి. పచ్చదీపాలు వెలుగుతున్నాయి.

“ఏటి టీచరమ్మా, అలా సూత్తన్నావు?” అంది.

“ఇవి సముద్రానికి పట్టుకెళ్ళమని ఇచ్చినవి కదా?”

“పట్టుకెల్తే తడిసిపోవా మరి?” అని ఒక పెట్టె మీద వాలిన కాకిని తోలింది. “దీపం ఆరిపోతే మీ ఆఫీసోలు ఫోన్లు సేసి సంపేత్తన్నారు. అందుకే పొద్దున్నే ఎండలో ఎడతాను. సాయంత్రం వలముక్కలో సుట్టి పాకలో ఏలాడదీత్తాను. పన్నెండు ఇల్లోలూ నాకే ఒప్పసెప్పినారు.”

నాకు నవ్వాగలేదు. ఆమె ఇచ్చిన టీ తాగి, ఇద్దరం ఆఫీసుని తిట్టుకుని, బస్సెక్కి వచ్చేశాను. ఎవరికీ చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదో ఇన్నాళ్ళు నాకు నేనే అందంగా చెప్పుకున్నాను, జాలరుల పక్షాన నిలబడ్డానని. అబద్ధం. ఆ గ్రాఫు పెట్టిన పరిశోధన పేపరు మీద మొదటి పేరు నాది. ఒక సదస్సుకి వెళ్ళి దాన్ని చదివి వచ్చాను. డైరెక్టరుగారికి తెలియక గొప్పలు పోయారు, నేను తెలిసీ పోయాను. ఆయన్ని ఎంత ఎద్దేవా చేసినా, ఇద్దరిలో ఎవరు తక్కువవాళ్ళో మీరే చెప్పండి.

ఏడో నంబరు

మూడు నెలలు అలా గడిచాయి. ఒకరోజు నేను పెట్టెల్లో సమాచారం దింపుకోవడానికి పల్లెలో ఉన్నాను. పొద్దున్న తొమ్మిదింటికి గాలి తిరగబడింది. పదకొండు పడవలు ఒకదాని వెనక ఒకటి కెరటాలతో కొట్టుకుని ఒడ్డుకు పడ్డాయి. దానయ్య పడవ రాలేదు. అందులో అతనితోపాటు ఇంకో ఇద్దరున్నారు. పన్నెండు దాటినా రాలేదు. ఫోను కలవడం లేదు.

డైరెక్టరుగారికి ఫోను చేశాను. తీరంలో పోలీసులకి, వెతికే పడవలున్నవాళ్ళకి వెంటనే చెప్పమన్నాను. ఆయన తెర చూసి చెప్పారు: “ఏడో నంబరు ఒడ్డునే ఉంది మేడమ్. పన్నెండూ ఒడ్డునే ఉన్నాయి. కంగారుపడకండి.”

ఏడో నంబరు నా కాళ్ళ దగ్గర, చేపల పక్కన ఉంది.

అప్పుడు చెప్పాను. పెట్టెలు ఒక్కరోజు కూడా సముద్రానికి వెళ్ళలేదని, అన్నీ పాకలోనే ఉన్నాయని. తర్వాత ఆయన అడిగిన మొదటి ప్రశ్న, “ఇది మీకు ఎప్పటినుంచి తెలుసు?” రెండోది, “ఇదంతా మెయిల్లో రాసి పంపగలరా?” ముగ్గురు మనుషులు నీళ్ళ మీద ఉంటే ఆయనకి కాగితం కావాలి. ఆ ఫోను మీద నేను ముప్పావుగంట పోగొట్టాను. వెతికే పడవ ఆ రోజు వచ్చింది, అంతా అయిపోయాక.

ఈలోగా ఎర్రమ్మ తన తమ్ముడు సూరయ్యని పిలిపించింది. అతనిది నాలుగో నంబరు పడవ. వాళ్ళు మాట్లాడుకున్నది అర్థం కావాలంటే గురి గురించి చెప్పాలి.

నడిసముద్రంలో చేపలు చేరే చోటుకి బోర్డు ఉండదు. కింద రాళ్ళుంటాయి, అక్కడ చేప నిలుస్తుంది. ఆ చోటు పట్టుకోవడానికి జాలరి ఒడ్డు వైపు చూస్తాడు. ఫలానా కొండ పల్లం ఫలానా కట్టడం మీదికి వచ్చేదాకా నడపాలి. అది ఒక గురి. ఇంకో దిక్కున ఫలానా తాటిచెట్లు ఫలానా టవరు వెనక దాగేదాకా నడపాలి. అది రెండో గురి. రెండూ కుదిరిన చోట వల వేస్తాడు. ఒక్క గురే తెలిస్తే పొడుగాటి గీత తెలుస్తుంది, చోటు తెలియదు. ఆ పల్లెలో పడవ యజమాని తన చోటు ఎవరికీ చెప్పడు. కానీ మనిషి తిరిగిరాకపోతే వెతకాలి కదా. అందుకని ఒక గురి ఒకరికి, రెండో గురి ఇంకొకరికి చెప్పి ఉంచుతాడు. రెండూ ఒక్కరికే చెప్పడం లేదు. తండ్రికైనా సరే, పెళ్ళానికైనా సరే.

“కొండ గురి నాకాడున్నాది” అన్నాడు సూరయ్య. “రెండోది నీకు సెప్పినాడేటి, అప్పా?”

“సెప్పినాడు.”

“సెప్పు మరి.”

ఎర్రమ్మ చుట్టూ చూసింది. మిగతా పది పడవలవాళ్ళూ అక్కడే నిలబడి ఉన్నారు. ఎవరూ ఆమె కళ్ళలోకి చూడటం లేదు.

నాకు ఒళ్ళు మండింది. “ప్రాణాలు పోతుంటే ఇంకా దాపరికమేమిటి ఎర్రమ్మా?” అన్నాను. అచ్చం డైరెక్టరుగారి మాటే అది. నా నోట్లోంచి వచ్చాక తెలిసింది.

“టీచరమ్మా, ఆ సోటు మా మావ ఇచ్చింది. మావకి ఆల నాన్న ఇచ్చినాడు” అంది. మావ అంటే దానయ్య తండ్రి. “మనిషి లేకపోతే నానెలాగా బతకను. ఆ సోటు పోతే, ఆడొచ్చినా ఏటి తిని బతుకుతాడు? నీకు జీతమొత్తాది. నాను ఆలోసించుకోవాల గదా.”

ఆమె ఎంతోసేపు ఆలోచించలేదు. సూరయ్య మెడ వంచింది, చెవిలో చెప్పింది. రెండు మాటలంతే. తర్వాత కొంగు నోట్లో కుక్కుకుని ఇసుకలో కూర్చుండిపోయింది.

ఆ గాలిలో ఒంటి పడవ వెళ్ళడం బుద్ధితక్కువ. సూరయ్య వెనక ఐదు పడవలు వెళ్ళాయి. ఆ చోటికి వెళ్ళి, అక్కణ్ణుంచి నీటివాలు చూసుకుంటూ పోతే దానయ్య పడవ దొరికింది. ఇంజను చచ్చిపోయి, లంగరు తాడు తెగి కొట్టుకుపోతోంది. పొద్దు వాలకముందే ముగ్గుర్నీ లాక్కొచ్చారు.

దానయ్య ఇసుక మీద కాలు పెట్టి ఎర్రమ్మ వైపు చూశాడు. తర్వాత వెనకున్న ఐదు పడవల వైపు చూశాడు. నా దగ్గరికి వచ్చి, “మీ పెట్టి ఏటి సెప్పినాది?” అన్నాడు.

“నువ్వు ఒడ్డునే ఉన్నావని చెప్పింది.”

“దాని తప్పేటున్నాదిలే. అది ఒడ్డునే ఉన్నాది” అన్నాడు.

మర్నాడు తెల్లారేసరికి ఆ రాళ్ళ దగ్గర తొమ్మిది పడవలున్నాయట. వాళ్ళని తప్పుపట్టను. కళ్ళారా చూసిన చోటుని చూడలేదనుకోమని ఎవరు చెప్పగలరు? మూడు తరాలు దాచుకున్న చోటు ఒక్క మధ్యాహ్నంలో పోయింది. ఆ చోటు మా తెర మీద అందరికీ కనపడకుండా ఉంటే పెట్టె అతని పడవలో ఉండేది. పెట్టెలు పాకలో ఉన్నాయని నేను మొదటి వారమే చెప్పి తెర పీకించి ఉంటే కూడా ఉండేది. పలాస చేరేదాకా బస్సులో తలెత్తలేదు నేను. సిగ్గుతో చచ్చిపోయాను.

కలిపితే సున్నా

డైరెక్టరుగారు ఆ నెలలోనే ఇంకో పథకానికి వెళ్ళిపోయారు. ఫ్రేము కట్టించిన గ్రాఫు పట్టుకెళ్ళారు. ఎక్కడో గోడ మీద ఇప్పటికీ ఉండే ఉంటుంది.

నేను లెక్క మళ్ళీ మొదలుపెట్టాను. తెర లేదు. చుక్కలు లేవు. చోటు చెప్పకుండా కలవడం ఎలా అన్నది ఒక్కటే ప్రశ్న. సమాధానం మా వీధి చివర జీడిపప్పు బట్టీలో ఉంది. పొట్టు తీసే ఆడవాళ్ళు పదిమంది వరసగా కూర్చుంటారు. ఎవరెంత తీశారో పక్కవాళ్ళకి తెలియడం ఎవరికీ ఇష్టం ఉండదు. అందరూ కలిసి ఎంత తీశారో మాత్రం తెలియాలి. పక్కపక్కనున్న ప్రతి ఇద్దరూ చెవిలో ఒక అంకె అనుకున్నారనుకోండి. ఒకామె తన లెక్కకి దాన్ని కలుపుతుంది, రెండో ఆమె తన లెక్కలోంచి తీసేస్తుంది. అప్పుడు పైకి చెప్పేవన్నీ అబద్ధాలే. కూడితే అబద్ధాలు ఒకదాన్నొకటి తినేసి నిజమైన మొత్తం మిగులుతుంది. పెట్టెలకి అదే నేర్పాను. పెట్టె మూగబోతే దాని చోటు కోసం దానయ్య పల్లె పద్ధతే పెట్టాను. ఆఖరి చోటు సగం ఒక పొరుగు పెట్టెలో, సగం ఇంకో పొరుగు పెట్టెలో. ఇద్దరూ ఒప్పుకుని కలిపితేనే బయటపడుతుంది.

దీనికి రుజువు రాశాను. దాన్ని పత్రికకి పంపితే ముగ్గురు పెద్దలు పరీక్షించి భేష్ అన్నారు. ఆ ధీమాతో పల్లెకి వెళ్ళి ఇసుకలో పన్నెండు గుంటలు వరసగా తవ్వి అందరికీ వివరించాను. సూరయ్య గొంతుక్కూర్చుని విన్నాడు. చివరి గుంటలో వేలు పెట్టాడు.

“ఈ సివరోడికి పక్కనోడు ఒక్కడే గదా టీచరమ్మా. ఆలిద్దరి మద్దినున్న అంకె ఆ ఒక్కడికీ తెలుసు. అది తీసేత్తే ఈడి సోటు ఆడికి కనపడిపోతాది. సగాలు రెండూ కూడా ఆడి కాడికే ఎల్తాయి. రెండు గురులూ ఒక్కడికే సెప్పీసినట్టు కాదేటి?”

కాదేటి అంటే, అవును. ముగ్గురు పెద్దలకీ నాకూ కనపడని రంధ్రం, బడి మెట్టెక్కని మనిషికి రెండు నిమిషాల్లో కనపడింది. మాకు అది గుంట. అతనికి అది పడవ, అందులో మనిషి. ఆ తర్వాత ఒక్క తోడే అందుబాటులో ఉన్న పెట్టె నోరు విప్పకుండా, రెండో తోడు దొరికాకే మాట్లాడేలా మార్చాను. సవరణ పేపరులో సూరయ్య పేరు వేస్తానంటే పత్రికవాళ్ళు అతని అర్హతలు అడిగారు. నేను నా పేరూ తీసేసుకుని పేపరు వెనక్కి తెచ్చుకున్నాను. నా వృత్తిలో తలెత్తుకునేలా చేసిన పనుల్లో అదొకటి.

ఈ పెట్టెలు పాకలో ఉండలేదు. పడవల్లోనే ఉన్నాయి. గాలి తిరిగిన రోజుల్లో పడవలు కలిసి ఒడ్డుకు వచ్చాయి. ఎవరి చోటూ ఎవరికీ తెలియలేదు. దానికి గ్రాఫు లేదు, నేనూ గీయలేదు.

సభ అయ్యాక

ఆరుగురూ మాట్లాడటం అయ్యాక బయటికి వస్తే వరండాలో దానయ్య నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా. బారువ నుంచి రెండు బస్సులు మారి వచ్చాడట. లోపలికి రమ్మంటే ఆ ఫ్యాను కింద తనకేం పని అన్నాడు.

“కొత్త సోటు దొరికినాది” అన్నాడు మెల్లగా. “రెండో గురి ఎర్రమ్మకి సెప్పినాను. కొండ గురి నీకు సెప్తాను.”

“నాకెందుకు? సూరయ్య ఉన్నాడు కదా.”

“ఆడి తప్పేటీ లేదు. ఆడెల్తే ఎనకాల పడవలొత్తాయి. నీ ఎనకాల ఏటొత్తాది, బస్సా?” నవ్వాడు. “నువ్వైతే దాత్తావు. పెట్టిలు పాకలో ఉన్నాయని మూడు నెలలు ఎవులికీ సెప్పలేదు గదా. నాకు తెల్సు.”

నా జీవితంలో చేసిన పెద్ద తప్పు అదేనని చెప్పబోయాను. అతను వినిపించుకోలేదు. వంగి నా చెవిలో ఆ గురి చెప్పి, బస్సు టైమయిందని వెళ్ళిపోయాడు.

అదేమిటో ఇక్కడ రాయను. మా వారికీ చెప్పలేదు. రోజూ పదకొండు దాటాక ఎర్రమ్మకి ఫోను చేస్తాను. “వచ్చీసినాడమ్మా” అంటుంది. అప్పుడు అన్నం తింటాను.